రెండో పంటకు నీళ్లు లేవంటే

"తాతయ్యా, పేపర్లో రోజూ టీఎంసీ, టీఎంసీ అని రాస్తారు. అదెంత?" అంది మా మనవరాలు. ఇంటర్ బైపీసీ చదివే పిల్ల. ఫోన్లో వెతికితే నిమిషంలో దొరికేదే. కానీ తాత దగ్గరైతే వేయించిన పల్లీలు కూడా దొరుకుతాయని వచ్చి కూర్చుంది.

కాగితం తీసుకో అమ్మడూ. టీఎంసీ అంటే 100 కోట్ల ఘనపుటడుగులు. ఎకరం అంటే 43,560 చదరపుటడుగులు. దాన్ని దీనితో భాగించు. ఎంతొచ్చింది? 22,957. అంటే ఒక్క టీఎంసీ నీళ్లు దాదాపు 23 వేల ఎకరాల్లో అడుగు లోతున నిలబడతాయన్నమాట. ఇప్పుడు వరి సంగతి చూద్దాం. నారుమడి దగ్గర్నుంచి కోతకు ముందు చేను ఆరగట్టే దాకా వరికి అంతా కలిపి నాలుగడుగుల నీళ్లు పడతాయి. నాలుగుతో భాగిస్తే 5,700 ఎకరాల చిల్లర. అందుకే మన ఇంజినీర్లు నోటిలెక్కగా "టీఎంసీకి ఆరువేల ఎకరాల వరి" అంటారు. మొక్కజొన్న లాంటి ఆరుతడి పంటకైతే రెండడుగులు చాలు. అదే నీళ్లతో పదివేల ఎకరాలు దాటి పండుతుంది.

"మరి అందరూ మొక్కజొన్నే వేస్తే పోలా?"

అక్కడికే వస్తున్నా. ముందు మన డెల్టా లెక్క కూడా వేసెయ్యి. బెజవాడ దగ్గర ఆనకట్ట 1855లో పూర్తయింది. దాని బదులు ప్రకాశం బ్యారేజీ 1957లో వచ్చింది. దాని కింద అటు తూర్పు డెల్టా, ఇటు మన పశ్చిమ డెల్టా కలిపి ఇంచుమించు 13 లక్షల ఎకరాలు. ఆరువేలతో భాగిస్తే? 216 టీఎంసీలు కావాలి. బచావత్ ట్రిబ్యునల్ 1970ల్లో డెల్టాకు లెక్కగట్టింది 181.2 టీఎంసీలు. మొదటి పంటకు వాన కొంత భర్తీ చేస్తుంది కాబట్టి బొటాబొటీగా సరిపోతుంది. రెండో వరికి లెక్కలోనే చోటు లేదు. ఏ ఏడాదైనా దాళ్వా, అంటే ఆ రెండో వరి, పండిందంటే అది పైన వానలు దంచికొట్టి, వరద మిగిలి, మనకు దక్కిన అదృష్టం. పండినన్నాళ్లూ మనం దాన్ని హక్కనుకున్నాం.

2001 నుంచి 2004 దాకా వరసగా ఆ అదృష్టం మొహం చాటేసింది. కృష్ణ పరీవాహకంలో వానలు తగ్గాయి. పై రాష్ట్రాల్లో ఆనకట్టలు పెరిగాయి. నాగార్జునసాగర్ నిండలేదు. సముద్రంలో కలిసే నీళ్లు దాదాపు లేవనే చెప్పాలి. మొదటి పంట నాట్లే సెప్టెంబరు దాకా జరిగిపోయిన ఊళ్లున్నాయి. కాలువ మొదట్లో ఉన్నవాడికి ఏదోలా తడుస్తుంది. శివారు భూములది పెళ్లి భోజనాల్లో ఆఖరి బంతి పరిస్థితి. గారెలు అయిపోయాయి, పులిహోర అయిపోయింది, సాంబారు పలచబడింది. విస్తరైతే వేశారు, కూర్చోక తప్పదు.

ఇక సైన్సులోకి వద్దాం. వరి నీటిమొక్కా? కాదు. నీళ్లలో బతకగలిగే మొక్క. దాని కాండంలో, వేళ్లలో సన్నటి గాలి గొట్టాలుంటాయి. ఆకుల దగ్గర గాలిని వేళ్ల దాకా దించుకుంటుంది కాబట్టి బురదలో ఊపిరాడక చావదు. కలుపు మొక్కల్లో చాలావాటికి ఆ సదుపాయం లేదు. మడినిండా నీళ్లు నిలగట్టి మనం వాటిని చంపుతున్నాం. అంటే నిలవనీరు చేసే పనుల్లో పెద్దది కలుపు తీత. ఇది గుర్తుపెట్టుకో. నీళ్లు తగ్గించమని సలహా చెప్పేవాళ్లు చాలామంది ఈ సంగతి చెప్పరు. నీళ్లు తగ్గాయంటే కలుపు కూలో, కలుపు మందో పెరుగుతుంది. నీటి ఖర్చు పోయి డబ్బు ఖర్చు వస్తుంది.

తడిపి ఆరబెట్టే పద్ధతి ఒకటుంది. ఫిలిప్పీన్సులోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థవాళ్లు దాన్ని బాగా ప్రచారం చేశారు. అడుగు పొడుగు ప్లాస్టిక్ గొట్టం తీసుకుని, కింది సగానికి చిల్లులు పెట్టి మడిలో దింపుతారు. లోపలి మట్టి తీసేస్తే గొట్టంలో నీటిమట్టం కనిపిస్తుంది. అది నేల మట్టానికి 15 సెంటీమీటర్లు కిందికి దిగాకే మళ్లీ తడి పెట్టాలి. పూత సమయంలో మాత్రం బెట్టకు రానివ్వకూడదు. నీళ్లు పావు వంతు దాకా మిగుల్తాయి, దిగుబడి పెద్దగా తగ్గదు. బోరు కింద రైతుకు ఇది భేషైన పద్ధతి, మోటారు ఆయన చేతిలో ఉంది కదా. కాలువ కింద రైతుకు వంతు వచ్చినప్పుడే నీళ్లు. మళ్లీ వంతు వస్తుందో రాదోనన్న భయంతో వచ్చినప్పుడే మడి నిండా పెట్టేసుకుంటాడు. ఆ భయం తీర్చాల్సింది గొట్టం కాదమ్మా, లాకుల దగ్గర నమ్మకంగా నడిచే వంతుల పద్ధతి, వారాబందీ.

"సరే, వరి మానేస్తే?"

మన వైపు ఎప్పటి నుంచో ఉన్న జవాబు మినుము. దీని అందం చూడు. వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, పైరు ఇంకా నిలబడి ఉండగానే, ఎకరానికి పదహారు కిలోల దాకా మినుములు చల్లేస్తారు. దుక్కి లేదు, గొర్రు లేదు. మట్టి కాలికి అంటీ అంటనట్టుండాలి. మరీ తడిగా ఉంటే గింజ కుళ్లుతుంది, ఆరిపోతే మొలవదు. ఆ పదును చూడటం పెద్ద విద్య. అరికాలితో చూస్తారు, చేత్తో కాదు. కోత కూలీలు నడిచినప్పుడు గింజలు మట్టిలోకి నొక్కుకుంటాయి. పనలు తీసేసరికి కొయ్యకాళ్ల మధ్య పచ్చగా రెండేసి ఆకులు. ఇక డెబ్భై ఎనభై రోజుల్లో పంట. కాలువ నుంచి ఒక్క చుక్క అక్కర్లేదు.

మరి నీళ్లెక్కడివి? మీటరు లోతు నల్లరేగడిలో మొక్క లాగగలిగే నీళ్లు 15 నుంచి 20 సెంటీమీటర్లుంటాయి. పదిహేనే అనుకో. ఎకరానికి 6 లక్షల లీటర్ల పైమాట. అది మొదటి పంటకు పెట్టిన నీరే, నేలలో దాగి ఉంది. దాని మీదా, చలికాలపు మంచు మీదా మినుము గట్టెక్కుతుంది. పైగా దాని వేరు బుడిపెల్లో ఉండే బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది. యూరియా ఖర్చు కలిసొస్తుంది.

కష్టాలు లేవని కాదు. తెల్లదోమ మోసుకొచ్చే పల్లాకు తెగులు తగిలిందంటే చేనంతా పసుపు పూసినట్టు అవుతుంది, కాపు ఉండదు. గుంటూరు పక్కన లాం ఫారం శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా దీని మీద కూర్చున్నారు. ఎల్‌బీజీ అని మొదలయ్యే రకాలన్నీ అక్కడివే. ఇంకో శత్రువు బంగారు తీగ. దానికి ఆకు లేదు, పచ్చదనం లేదు, మొలిచిన కొద్ది రోజులకే వేరూ ఉండదు. నారింజ రంగు దారంలా పాకి మినుము కాండంలోకి పీకలు దించి రసం తాగుతుంది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, దొంగముండ. దాని విత్తనం నేలలో ఏళ్ల తరబడి బతికే ఉంటుంది. మినుము గింజకంటే సన్నగా ఉంటుంది కాబట్టి, విత్తనాన్ని జల్లెడ పడితే సగం పీడ చల్లే ముందే వదులుతుంది. ఇప్పుడు కొత్త చిక్కు కోత మిషన్. చైన్ మిషన్ తిరిగిన చోట నేల గట్టిపడి మొలక సరిగా రాదు. కూలీలతో కోయిద్దామంటే ఆ ఖర్చుకు మినుము లాభం చెల్లు.

పల్లాకు తెగులుతో విసిగిపోయినవాళ్లు, నాట్లు ఆలస్యమై మినుముకు అదను తప్పినవాళ్లు మొక్కజొన్నకు మళ్లారు. అదీ దుక్కి లేకుండానే. వరి కోశాక తాడు కట్టి, కొయ్యకాళ్ల మధ్య కర్రతో బొక్క వేసి, ఒక్కో గింజ వేస్తారు. సాళ్ల మధ్య అరవై సెంటీమీటర్లు, గింజల మధ్య ఇరవై. లెక్కేస్తే ఎకరానికి 33 వేల బొక్కలు పైన. వంగిన నడుము ఎత్తకుండా ఆడవాళ్లు వేస్తారు. దేశం సగటుకు రెట్టింపు దాటిన దిగుబడులు గుంటూరు జిల్లా రైతులు ఈ పద్ధతిలోనే తీశారు. ఐదారు తడులు కావాలి మరి. అవి కాలువ నుంచో, మురుగు కాలువలో ఇంజన్ పెట్టో.

నీ సిలబస్‌లో సీ-ఫోర్ మొక్కలని ఉంటాయి చూడు, మొక్కజొన్న అదే జాతి. ఆకు మీది రంధ్రాలు తెరిస్తేనే బొగ్గుపులుసు వాయువు లోపలికి వస్తుంది. అదే తలుపులోంచి నీటి ఆవిరి బయటికి పోతుంది. మొక్కజొన్న దగ్గరున్న ఎంజైమ్ ఆ వాయువును చాలా ఆబగా పట్టుకుంటుంది కాబట్టి రంధ్రం తక్కువగా తెరిచినా పని జరిగిపోతుంది. కిలో ఎండు పదార్థం తయారుచేయడానికి వరి ఖర్చుపెట్టే నీటిలో ఇంచుమించు సగంతో సరిపెట్టుకుంటుంది.

"అయితే సమస్య తీరిపోయినట్టేగా తాతయ్యా!"

పంట సమస్య తీరింది. ఊరి సమస్య మిగిలింది. మన డెల్టాలో పొలం దున్నేవాళ్లలో కౌలు రైతులు ఎంతమందో నీకు తెలుసుగా. కౌలు బస్తాల్లో ఉంటుంది. సార్వా, అంటే మొదటి పంట వడ్లు చాలామటుకు కౌలుకీ పెట్టుబడికీ సరి. కౌలుదారు ఇంటికి చేరేది రెండో పంటే. పిల్ల ఫీజైనా, ఆసుపత్రి అప్పైనా ఆ పంటమ్మి కట్టాలి. కాబట్టి జనవరిలో నీళ్లు లేవన్న ప్రకటన వస్తే, భూమి యజమానికి రావాల్సిన బస్తాలు అప్పటికే ముట్టి ఉంటాయి. దెబ్బ నేరుగా కౌలుదారు మీద పడుతుంది. పరిహారం ఇస్తే మాత్రం అది పాసుపుస్తకం ఉన్నవాడి ఖాతాలోకి వెళ్తుంది. 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చి కౌలుదారుకు పదకొండు నెలల కార్డు ఇస్తామన్నారు. యజమాని సంతకం ఉండాలన్నారు. సంతకం పెడితే భూమి ఎక్కడ పోతుందోనని యజమాని భయం. చట్టం మంచిదే, ఆ సంతకం దగ్గరే బండి ఆగింది.

తర్వాత నాట్ల ముఠాలు. ఎకరం నాటాలంటే ఎంతమంది ఆడవాళ్లు కావాలో చూశావు. మినుము చల్లడానికి ఒక్క మనిషి చాలు. నీరు తక్కువ తాగే పంట చాలాసార్లు పని కూడా తక్కువే ఇస్తుంది. సముద్రం వైపు ఊళ్లలో, కృష్ణలో మంచినీటి తోపు తగ్గి ఉప్పు పైకెక్కిన చోట, రొయ్యల చెరువులు తవ్వారు. డబ్బు బాగానే ఉంది. పదెకరాల చెరువుకు కాపలావాడొకడు, మేత చల్లేవాడొకడు. పక్క మడిలోకి ఉప్పు ఊట దిగితే ఆ మడి రైతు కూడా చెరువు లీజుకు ఇవ్వక తప్పదు. రొయ్య మీద నాకు కోపం లేదు. ఎవరి ఉప్పు ఎవరి చేలోకి పోతుందో అడిగేవాడు ఉండాలంతే.

ఈ ఊరి సమస్య మన ఒక్కరిదే కాదు. మీ బాబాయి ఉండే మెల్‌బోర్న్ నుంచి ఉత్తరంగా కారులో మూడు గంటల చిల్లర పోతే డెనిలిక్విన్ అని ఒక ఊరుంది. ముర్రే నది పాయ ఒడ్డున వరి పండించే ప్రాంతం. దక్షిణార్ధగోళంలోకెల్లా పెద్ద రైసు మిల్లు అక్కడ ఉండేది. ఏళ్లకేళ్లు కరువు పట్టి, మంచి ఏడాదిలో పది లక్షల టన్నులు దాటే ఆస్ట్రేలియా వడ్లు 2008లో ఇరవై వేల టన్నుల లోపుకు పడిపోయాయి. అక్కడ నీటి హక్కును భూమి నుంచి విడదీసి అమ్ముకోవచ్చు. ద్రాక్షతోటకు ఒక్క ఏడు నీళ్లు తప్పితే పదేళ్ల పెట్టుబడి ఎండిపోతుంది. వరి ఆ ఏడాది వేయకపోతే సరి. అందుకని తోటలవాళ్లు మంచి ధర ఇచ్చి వరి రైతుల నీళ్లు కొన్నారు. ఇద్దరూ బతికారు. అర్థశాస్త్రం పుస్తకంలో అయితే కథ అక్కడే ముగుస్తుంది. కానీ మిల్లు 2007 చివర్లో మూతపడింది. మిల్లు కార్మికుడి దగ్గర అమ్ముకోవడానికి నీటి హక్కు లేదు. ట్రాక్టరు మెకానిక్కుకీ, టీ కొట్టువాడికీ లేదు. నీళ్లు తిరిగొచ్చాక 2011లో మిల్లు మళ్లీ తెరిచారు. ఈలోపు వేరే ఊళ్లకు వెళ్లినవాళ్లందరూ వెనక్కి వస్తారా?

కాలిఫోర్నియాలో కొలరాడో నది పక్కన పాలో వెర్డె అనే లోయ ఉంది. అక్కడివాళ్లు ఇంకొంచెం ముందుచూపుతో చేశారు. లాస్ ఏంజెలెస్ వైపు నగరాలకు నీళ్లిచ్చే సంస్థ 2005 నుంచి 35 ఏళ్లకు ఒప్పందం చేసుకుంది. పొలాల్లో కొంత భాగం, గరిష్ఠంగా నాలుగో వంతు పైచిలుకు, వంతులవారీగా బీడు పెట్టాలి. అందుకు రైతుకు డబ్బు. దాంతోపాటు ఊరి ఉపాధికని 60 లక్షల డాలర్లు విడిగా పెట్టారు. మొత్తం మీద అదేమంత పెద్ద సొమ్ము కాదు. కానీ నీళ్లు పోయినప్పుడు పొలం లేనివాడు కూడా నష్టపోతాడని ఒప్పందంలోనే ఒప్పుకున్నారు. మన జీవోల్లో నేను వెతికేది ఆ వాక్యం కోసమే.

"నీళ్లు పొదుపు చేస్తే కింది వాళ్లకు మిగులుతాయి కదా? కాలువలకు సిమెంటు వేస్తే?"

మంచి ప్రశ్న వేశావు. ఇక్కడ జాగ్రత్త కావాలి. పై చేలో ఇంకిన నీళ్లు ఎక్కడికి పోయాయి? కొన్ని మురుగు కాలువలోకి దిగాయి, కొన్ని బావుల్లోకి ఊరాయి. శివారు రైతు ఆయిల్ ఇంజన్‌తో తోడుకునేది ఆ నీళ్లే. బచావత్ ట్రిబ్యునల్ కూడా కృష్ణలో 2,060 టీఎంసీలని తేల్చి, వాడుకున్నాక నదిలోకి తిరిగి ఊరే నీళ్లంటూ ఇంకో 70 కలిపింది. కాబట్టి పైవాడు పొదుపు చేసి, మిగిలిన నీళ్లతో ఇంకో పదెకరాలు తడుపుకున్నాడనుకో, కిందివాడి మురుగు కాలువ ఎండుతుంది. లెక్కలో పొదుపు, శివారులో కరువు. సముద్రం పక్కన, కింద అంతా ఉప్పునీరే ఉన్న చోట ఇంకినది ఎవరికీ పనికిరాదు, అక్కడ సిమెంటు నిజంగా లాభం. ఏ ఊరికి ఏది సరిపోతుందో కొలిచి చూడాలి.

కొలవడం రైతులకు రాదని అనకు. అనంతపురం మొదలుకుని ఏడు కరువు జిల్లాల్లో, 2000ల్లో, రైతులే వాన కొలిచి, బోర్లలో నీటిమట్టం కొలిచి, పంట వేసే ముందు ఊరంతా కూర్చుని ఈసారి ఎన్ని నీళ్లున్నాయో గోడ మీద రాసుకున్నారు. వరి వేయొద్దని ఎవరూ హుకుం వేయలేదు. అంకె చూశాక చాలామంది తమంతట తామే వరి తగ్గించుకున్నారు. మనకైతే కాలువ తాళం మన చేతిలో ఉండదు. కనీసం కబురైనా ముందు రావాలి. సాగర్, పులిచింతల జలాశయాల్లో ఎన్ని నీళ్లున్నాయో అక్టోబరుకల్లా తేలిపోతుంది. సాగునీటి సలహా మండలి అప్పుడే కూర్చుని "ఈసారి రెండో వరి లేదు" అని ఖరాఖండిగా చెబితే రైతు మంచి మినుము విత్తనం చూసుకుంటాడు. సంక్రాంతి దాకా నాన్చి, నారు పోశాక చెబితే రెండూ పోతాయి. పట్టిసీమ నుంచి గోదావరి నీళ్లు రావడం మొదలయ్యాక సార్వా నాట్లు ముందుకు జరిగాయి, కోతలు ముందుకొచ్చాయి, మినుముకు అదను దొరుకుతోంది. ఆ ఎత్తిపోతల వల్ల నాకు కనిపించిన పెద్ద లాభం అది. దాన్ని దాళ్వా వరికి తగలేస్తే మాత్రం మొదటికొస్తాం.

ఇంకొక్కటి ఉంది, ధర. వడ్లయితే సర్కారు కొంటుంది. ఆలస్యమైనా, తేమ పేరుతో కోత కోసినా, కొంటుందన్న ధీమా ఉంటుంది. మినుముకు కూడా మద్దతు ధర ప్రకటిస్తారు గానీ, బజారు పడిపోయిన రోజున కాటా పెట్టి కొనేవాడు కనపడాలి కదా. మన దేశం బయటి నుంచి తెచ్చుకునే మినుములో ఎక్కువ భాగం బర్మా నుంచే వస్తుంది. రంగూన్ ఓడ వచ్చిందంటే తెనాలి పప్పు మిల్లు దగ్గర ధర జారుతుంది. నీళ్లు తక్కువ తాగే పంట వేయమని రైతుకు చెప్పే సర్కారే దిగుమతి తలుపు ఎప్పుడు తీయాలో కూడా తేలుస్తుంది. ఒక ఆఫీసులో చెప్పినది ఇంకో ఆఫీసుకు వినపడదు.

"అంటే మనింట్లో ఇడ్లీ ధరకీ, రంగూన్ ఓడకీ, సాగర్ నీటిమట్టానికీ సంబంధం ఉందన్నమాట!"

ఉంది మరి. మిల్లువాడికి ఎక్కడి మినుమైనా ఒకటే, ఆడించేస్తాడు. పప్పు ఏరే పనికి వెళ్లే మన వీధి ఆడవాళ్లకు ఆ మిల్లు నడిస్తే పని. నాట్ల కూలి పోయిన వాళ్లలో కొంతమంది ఇప్పుడు అక్కడికే పోతున్నారు. అందుకని దిగుమతి మొత్తం ఆపెయ్యమని కూడా నేననను. మన మినుము మార్కెట్టుకొచ్చే ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ నెలలన్నా వదిలెయ్యమంటాను. ఆ పల్లీల పళ్లెం ఇటివ్వు, మాటల్లో పెట్టి మొత్తం నువ్వే తినేశావు.